ఫండ్ ఖర్చుల పేచీ: మలుపు తిరిగింది 2013లో

మ్యూచువల్ ఫండ్ ఖర్చుల పేచీ మళ్లీ రాజుకుంది. 2025 డిసెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బోర్డు ఆమోదించిన లెక్క ప్రకారం షేర్ల లావాదేవీల పన్ను (ఎస్‌టీటీ), జీఎస్‌టీ, స్టాంపు డ్యూటీ ఇక ఖర్చుల నిష్పత్తి పరిమితిలో కలవవు. మిగిలినదానికి ‘బేస్ ఎక్స్‌పెన్స్ రేషియో’ అని పేరు పెట్టారు. 500 కోట్లలోపు ఈక్విటీ పథకాలకు గరిష్ఠ పరిమితి 2.25 నుంచి 2.10 శాతానికి దిగింది. అంతా తగ్గింపే అనుకుంటే పొరపాటు. ఆ పన్నులు ఎక్కడికీ పోలేదు, విడిగా మదుపరి సొమ్ములోంచే కడతారు. షేర్ల లావాదేవీల బ్రోకరేజీని 2 బేసిస్ పాయింట్లకు (0.02 శాతానికి) కుదిస్తామని అక్టోబరు ముసాయిదాలో అన్న సెబీ, పరిశ్రమ అభ్యంతరాల తర్వాత 6 దగ్గర ఆగింది.

ఈ కథలో మలుపు అనగానే అందరూ 2009 ఆగస్టు 1 అంటారు. ఫండ్ కొనేటప్పుడే వసూలుచేసే ఎంట్రీ లోడ్ రద్దయిన రోజది. అంతకుముందు 10,000 పెడితే 225 రూపాయల దాకా ముందే కోత పడేది. రద్దయ్యాక ఫండ్ అమ్మిపెట్టే డిస్ట్రిబ్యూటర్ కమీషన్ ఆగలేదు, దారి మార్చుకుంది. కంటికి కనబడే కోత పోయి, ఏడాది ఖర్చులో 365వ వంతు చొప్పున రోజూ యూనిట్ విలువ (ఎన్‌ఏవీ)లోంచి జారిపోయే కోతే మిగిలింది.

ఆ గుట్టు విప్పింది 2013 జనవరి 1న వచ్చిన డైరెక్ట్ ప్లాన్. ఇందులో డిస్ట్రిబ్యూటర్ కమీషన్ ఉండదు, కమీషన్ కలిసినది రెగ్యులర్ ప్లాన్. అదే పోర్ట్‌ఫోలియో, అదే మేనేజర్, రెండు ఎన్‌ఏవీలు. నిర్వహణకు ఎంత పోతోందో, అమ్మిపెట్టినందుకు ఎంత పోతోందో సామాన్య మదుపరి విడదీసి చూడగలిగింది అప్పుడే. ఖర్చులకు ముందు రాబడి 12 శాతం అనుకుని 10 లక్షలు 20 ఏళ్లు ఉంచితే, 0.8 శాతం ఖర్చుతో సుమారు 83.6 లక్షలు, 1.8 శాతంతో 69.8 లక్షలు. ఆ ఒక్క శాతం ధర దాదాపు 14 లక్షలు.

చిన్న ఊళ్లలో చేయిపట్టి నడిపించేది, మార్కెట్ పడ్డప్పుడు నెలవారీ మదుపు (సిప్) ఆపనివ్వనిది డిస్ట్రిబ్యూటరేనని పరిశ్రమ అంటుంది. కాదనలేం. కానీ కమీషన్ ఒక శాతమైతే, 5 లక్షల మీద ఏడాదికి 5,000 తీసుకునేవారు 50 లక్షల మీద 50,000 తీసుకుంటారు. పని పదింతలైందా?

2018లో నిర్ణయించి 2019 ఏప్రిల్ నుంచి అమలుచేసిన పాత శ్లాబులనూ (పథకం పెరిగేకొద్దీ తగ్గే పరిమితులను) చాలామంది తప్పుగా చదివేవారు. పథకం 2,000 కోట్లకు చేరితే మొత్తానికీ 1.75 శాతం వర్తించేది కాదు. మొదటి 500 కోట్లకు 2.25, తర్వాతి 250కి 2, మిగతా 1,250కి 1.75 చొప్పున సగటు 1.91 దాకా వచ్చేది. అదీ గరిష్ఠ పరిమితే. పథకం పరిమాణం రెట్టింపైనా నిష్పత్తి కదలకపోతే, పొదుపైన ఖర్చు ఫండ్ నడిపే కంపెనీ (ఏఎంసీ) దగ్గరే ఉండిపోయినట్టు.

మీ ఫండ్ ఖర్చు సబబో కాదో తేల్చాలంటే ముందు దాని డైరెక్ట్ ప్లాన్ ఖర్చును అది కొలమానంగా పెట్టుకున్న సూచీనే అనుసరించే ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌తో పోల్చండి. ఆ తేడాకు తగినంత అదనపు రాబడి, డివిడెండ్లు కలిపిన సూచీ (టీఆర్‌ఐ) మీద, కనీసం ఏడేళ్ల లెక్కలో కనబడాలి. ఇక మీ రెగ్యులర్, డైరెక్ట్ ప్లాన్ల తేడాను మీ నిల్వతో గుణించి రూపాయల్లో చూడండి. అర్ధసంవత్సర కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంట్‌లో మీ పేరు మీద చెల్లించిన కమీషన్ రూపాయల్లోనే ఉంటుంది.

తేడా చూసి ఒక్కసారిగా మారిపోకండి. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు స్విచ్ అంటే పన్ను లెక్కలో అమ్మకమే. కొత్త సిప్‌ను డైరెక్ట్‌లో మొదలుపెట్టి, పాత యూనిట్లను ఎగ్జిట్ లోడ్ (ముందే తీసేస్తే పడే కోత) గడువు దాటాక, ఈక్విటీ దీర్ఘకాలిక లాభం పన్ను పడని ఏడాదికి 1.25 లక్షలు మించకుండా విడతలుగా మార్చుకోవచ్చు.