సైబర్ మోసాల మీద వీఆర్ ఆట: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ బడిపిల్లల కోసం సైబర్ మోసాల మీద వీఆర్ ఆట, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని అందులోని లోకంలో ఉన్నట్టే ఆడే ఆట, తయారుచేస్తున్నామంటే చాలామంది ముందు అడిగేది, "హ్యాకర్‌తో ఫైటింగ్ ఉంటుందా?" అని. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: సైబర్ సెక్యూరిటీ ఆటంటే చీకటి గది, నల్ల తెర, పచ్చక్షరాలు, కోటగోడలాంటి ఫైర్‌వాల్.

మా మొదటి నమూనా అచ్చం అలాగే ఉండేది. పిల్లలు కేరింతలు కొట్టారు. హెడ్‌సెట్ తీశాక ఒక గుంటడిని అడిగాను: "డబ్బులు పంపుతున్నాను, పిన్ కొట్టు అని ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చేస్తావురా?" "కొడతాను, డబ్బులొస్తాయి కదా మాస్టారూ!" ఆ నమూనాను ఆ రాత్రే పక్కన పడేశాం.

వాస్తవం: ఇప్పుడు ఆట ఇంటి వసారాలో మొదలవుతుంది. నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంటుంది, పొయ్యి మీద పాలు పొంగుకొస్తుంటాయి, చేతిలో ఫోన్ మోగుతుంది. బిల్లు కట్టలేదు, రాత్రికి కరెంటు తీసేస్తామని ఒకడు ఒడియాలో అందుకుని హిందీలోకి దూకుతాడు. ఈ కంగారును పుస్తకంలో బొమ్మ వేసి చూపలేం, వీఆర్ అక్కరకొచ్చేది ఇక్కడే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పంపడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికే అది. ఆటలో పిన్ కొట్టినవాడి కళ్లెదుటే నాయనమ్మ పింఛను అంకె కరిగిపోతుంది. పోయాక సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడమూ ఆటలో భాగమే. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి జారిపోతూ ఉంటుంది.

అపోహ: ఎన్ని మోసాలు పట్టుకుంటే అంత నేర్చుకున్నట్టు.

ఇది మా రెండో తప్పు. వచ్చే మెసేజీలన్నీ దొంగవే పెట్టాం. పిల్లలు కాసేపట్లో కిటుకు పట్టేసి, చదవకుండానే "మోసం" బటన్ నొక్కేశారు. అందరికీ ఫుల్ మార్కులే! తర్వాత బడి సెలవు కబురు, గ్యాస్ బుకింగ్ లాంటి నిజం మెసేజీలు సగం కలిపాం. నిజాన్ని మోసమన్నా మార్కు పోతుంది. అప్పుడు గానీ లింకులు చదవడం మొదలవలేదు. ఒక అమ్మాయి ఫోన్ పట్టుకున్న చేతిని ముక్కు దాకా తెచ్చుకుని, బ్యాంకు పేరులో ఎల్ అక్షరానికి బదులు ఒకటి అంకె ఉందని పట్టేసింది.

అపోహ: అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంటే మంచి సైటే.

దీన్ని టీచర్లే చెబుతుంటే ఏమనాలి? మన ఫోన్‌కీ సైటుకీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే తాళం అర్థం. అవతలున్నవాడు దొంగో దొరో అది చెప్పదు. తాళం రావడానికి కావలసిన సర్టిఫికెట్ దొంగ సైటుకీ ఉచితంగానే దొరుకుతుంది. క్రోమ్ 2023లో ఆ బొమ్మనే తీసేసింది.

అపోహ: ఇంగ్లిష్ ఆటలో మాటలు మార్చేస్తే తెలుగు ఆట అయిపోతుంది.

ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో అక్షరాలు చూపడానికి చాలామంది వాడే టెక్స్ట్‌మెష్‌ప్రో తెలుగు వత్తులను సరిగా కట్టలేదు. "స్త్రీ" అని రాస్తే ముక్కలు ముక్కలవుతుంది. అందుకే వాక్యాలను బొమ్మలుగా మార్చి అతికిస్తున్నాం. పైగా ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు చదవమంటే కూడబలుక్కుంటారు. కాబట్టి అక్షరం తగ్గించి గొంతు పెంచాం. నాయనమ్మ "ఏటిరా, ఎవుడితోటి మాటాడతన్నావు?" అనే అంటుంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆవిడ చేత పుస్తకభాష పలికించడానికి నాకు చేతులు రాలేదు.

ఇక ఎక్కువసేపు ఆడిస్తే ఎక్కువ వంటబడుతుందనేది ఒట్టిమాట. కళ్లేమో నడుస్తున్నామంటాయి, లోపలి చెవేమో కూర్చున్నామంటుంది. ఈ పేచీలోంచే కడుపులో తిప్పడం. అందుకే నడక తీసేశాం, కూర్చునే ఆడతారు, అదీ పది నిమిషాలే.

తలకో హెడ్‌సెట్ కొనాలన్నదీ అంతే. మా దగ్గర ఉన్నది ఒక్కటే. అందులో కనిపించేది ప్రొజెక్టర్‌తో గోడ మీద వేస్తాం. బెంచీల మీదివాళ్లు "కొట్టకురా, కొట్టకురా!" అని అరుస్తూనే ఉంటారు, హెడ్‌సెట్ పెట్టుకున్నవాడు పిన్ కొట్టేస్తాడు. అక్కడ ఆపి, ఎందుకు కొట్టావురా అని వాడినే అడుగుతాం.

"పాలు పొంగిపోతన్నాయి మాస్టారూ!" అన్నాడొకడు.