మందు మానడానికి మీటింగులా? మా వార్డులో తరచూ వినే అపోహలు - వాస్తవాలు

డీ-అడిక్షన్ వార్డులో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. డిశ్చార్జి రోజున ప్రతి కుటుంబానికీ ఒక మాట చెప్తాను: తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగు మీకు దగ్గర్లో ఎక్కడ జరుగుతుందో కనుక్కుని, వారం తిరగకముందే వెళ్ళండి. అందరూ సరేనంటారు, చాలామంది వెళ్ళరు. ఎందుకు వెళ్ళలేదంటే వచ్చే జవాబులు దాదాపు ఇవే.

అపోహ: మాల వేసుకుంటే మానేస్తాడు, మీటింగులెందుకు?

ఈ మాటను నేను కొట్టిపారేయను. అయ్యప్ప దీక్షలో 41 రోజులు చుక్క ముట్టనివాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, సాయంత్రం భజన, పక్కన తోటి స్వాములు, నిన్నటిదాకా తాగుబోతన్న నోళ్ళే 'స్వామీ' అని పిలవడం... మనిషిని నిలబెట్టేవి ఇవే. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. పాత స్నేహితులు, పాత సాయంత్రాలు మాత్రం అక్కడే ఉంటాయి. ఆ తోడు 42వ రోజున కూడా దొరికే చోటు ఏఏ మీటింగు. దీక్ష వద్దనను. అది ముగిసేలోపే ఒక మీటింగు చూసి పెట్టుకోమంటాను.

ప్రాణానికి సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. ఏళ్ళ తరబడి రోజూ తాగుతూ, పొద్దున లేవగానే మందు పడందే చేతులు నిలవని మనిషి ఉన్నట్టుండి ఆపకూడదు. మాల కోసమైనా సరే, మీటింగు కోసమైనా సరే. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, ఇంట్లోవాళ్ళను గుర్తుపట్టకపోవడం జరగొచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చుంటే ప్రాణం పోవచ్చు. ఇలాంటివారికి ముందు ఆసుపత్రి, తర్వాతే మీటింగు. మీటింగులో డాక్టరుండరు, సెలైన్ ఉండదు.

అపోహ: అది చర్చివాళ్ళ కార్యక్రమం, మతం మారుస్తారు.

మీటింగులు చాలాచోట్ల చర్చి గదిలోనో స్కూల్లోనో జరుగుతాయి కాబట్టి ఈ అనుమానం వస్తుంది. గది అక్కడ సులువుగా దొరుకుతుంది, అంతే. ఏఏని 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఇద్దరు తాగుడు బాధితులు మొదలుపెట్టారు. ఒకరు షేర్ల వ్యాపారంలో ఉన్న బిల్, మరొకరు సర్జన్ బాబ్. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం ప్రభావం వారిమీద ఉన్న మాట నిజమే. అయితే తాగుడు నుంచి బయటపడే దారిగా వాళ్ళు రాసుకున్న 12 మెట్లలో దేవుణ్ణి ఎవరికి అర్థమైన తీరులో వారు తలచుకోవచ్చనే ఉంది. చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ప్రార్థన మీకు ఇబ్బందైతే మౌనంగా ఉండండి, ఎవరూ ఏమీ అనరు.

అపోహ: వెళ్తే పరువు పోతుంది, అందరి ముందూ లేచి చెప్పుకోవాలి.

ఇంటిపేరు అడగరు. మాట్లాడాలని లేకపోతే 'ఈరోజు వింటాను' అంటే చాలు. చిన్న ఊళ్ళో తెలిసినవాళ్ళు ఎదురుపడొచ్చు, కాదనను. కానీ తాగుడు మానాలనుకునేవారికి మాత్రమే జరిగే 'క్లోజ్డ్' మీటింగులో ఎదురుపడ్డ మనిషి కూడా మీలాగే వచ్చినవాడు. అప్పటికీ బెరుకుంటే మరో పేటలోని గ్రూపుకు వెళ్ళండి. ఇంట్లోవాళ్ళు వెంట రావాలంటే 'ఓపెన్' మీటింగు ఎప్పుడో ఫోన్లో అడగండి.

అపోహ: డబ్బు గుంజుతారు.

ఫీజు లేదు. గది అద్దెకు, టీకి సభ్యులే తోచింది వేస్తారు. బయటివారి విరాళాలు తీసుకోకూడదన్నది వాళ్ళ నియమం. నెలకింత కట్టమన్నారంటే అది ఏఏ కాదు.

అపోహ: మీటింగుకు వెళ్తే మాత్రలు మానేయాలి.

ఎవరో ఒక సభ్యుడు అలా అని ఉండొచ్చు. ఏ సభ్యుడూ డాక్టరు పాత్ర పోషించకూడదని ఏఏ ప్రచురణలే చెబుతున్నాయి. మాత్రల సంగతి రాసిన డాక్టరుతోనే తేల్చుకోండి.

అపోహ: ఇదంతా కబుర్లు, రుజువేముంది?

2020లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, అంటే 10,000 మందికి పైగా వివరాలను పరిశీలించింది. తాగకుండా నిలబడే విషయంలో, ఏఏలో చేరి కొనసాగేలా చేసే పద్ధతులు కౌన్సెలింగ్ వంటి ఇతర చికిత్సలకు తీసిపోలేదు, చాలాసార్లు మెరుగ్గానే ఉన్నాయి. నిజానికి మన దేశంలో సమస్య చికిత్స ఫలించకపోవడం కన్నా అసలు అందకపోవడం. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరికింది.

అపోహ: ఆయన రానంటే మేమేం చేయగలం?

దీనిమీద ఆడవాళ్ళతో గంటలు గంటలు మాట్లాడతాను. ఆయన రాకపోయినా మీరు వెళ్ళొచ్చు. కుటుంబాల కోసం అల్-అనాన్ ఉంది, 1951లో బిల్ భార్య లోయిస్ మరొకరితో కలిసి మొదలుపెట్టారు. సీసాలు దాచడం, ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పడం, అప్పులు తీర్చడం, ఇవన్నీ చేసీ చేసీ అలసిపోయినవాళ్ళే అక్కడ కూర్చుంటారు. ఒక్కటి మాత్రం చేయకండమ్మా: మందు మాన్పించే మాత్ర పొడి చేసి, చెప్పకుండా కూరలో కలపడం. ఆ మాత్ర, అంటే డైసల్ఫిరామ్, ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

హైదరాబాద్, విశాఖలాంటి నగరాల్లో గ్రూపులు ఉన్నాయి. ఏఏ ఇండియా వెబ్‌సైట్ చూసి, బయల్దేరే ముందు ఫోన్ చేసి చోటు, సమయం, భాష రూఢి చేసుకోండి. దగ్గర్లో ఏదీ లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. కేంద్రం నడిపే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416, రెండూ ఉచితం. మొదటిరోజు పది నిమిషాలు ముందే వెళ్ళి, కొత్తగా వచ్చానని చెప్పండి. ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకోండి, తాగాలనిపించినప్పుడు గ్లాసు పట్టుకోకముందే వాళ్ళకు ఫోన్ చేయండి. ఆ గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపుకు వెళ్ళండి. మధ్యలో మళ్ళీ తాగినా సరే, తిరిగి వెళ్ళండి, రావద్దనరు.