హంగేరీ మేధావులు, మన స్టాప్‌వాచ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకొచ్చి, ఫోన్ తీసి నా ముందు పెట్టారు. వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజే. హంగేరీ అంత చిన్న దేశం నుంచి అంతమంది సైంటిస్టులు ఎలా వచ్చారో తెలుసా, అక్కడి పిల్లలు ఎనిమిదేళ్లకే పెద్ద పెద్ద భాగహారాలు నోటితో చేసేస్తారు, మెదడు పదునెక్కేది పదేళ్లలోపే, ఆ తర్వాత ఎంత రుద్దినా లాభం లేదు అని. కింద ఏదో స్పీడ్ మ్యాథ్స్ కోర్సు లింకు.

"సార్, వీడికి ఆరో తరగతి వచ్చేసింది. ఒక్క లెక్క ఇస్తే పావుగంట చూస్తూ కూర్చుంటాడు. ఇప్పుడు చేర్పిస్తే లేటైపోయినట్టా?" అని అడిగారు. ఆవిడ టెన్షన్ చూస్తే జాలేసింది. మెసేజ్ రాసినవాడి మీద మాత్రం ఒళ్లు మండింది.

ఇరవై రెండేళ్లుగా స్కూలు పిల్లలకు ఒలింపియాడ్ లెక్కలు చెబుతున్నాను. ఏటా జూన్ వచ్చిందంటే ఈ హంగేరీ కథ ఏదో ఒక రూపంలో నా గుమ్మంలోకి వస్తుంది. అందుకే ఒకసారి రాసి పెట్టేస్తున్నా.

అపోహ: హంగేరీ వాళ్ల గొప్పతనమంతా వేగంలోనే ఉంది

పిల్లల్ని ఎక్కువగా ముంచుతున్నది ఇదే. అసలు జరిగింది దీనికి తలకిందులు.

1894లో గ్యోర్ అనే ఊళ్లో డానియెల్ అరానీ అనే లెక్కల మాస్టారు హైస్కూలు పిల్లల కోసం ఒక మాసపత్రిక పెట్టాడు. పొట్టిగా కొమాల్ అంటారు, ఇప్పటికీ వస్తోంది. నెలనెలా అందులో కొన్ని లెక్కలు వేస్తారు. పిల్లలు ఇంట్లో కూర్చుని చేసి, పరిష్కారం పూర్తిగా రాసి పంపాలి. గడువు దాదాపు నెల! జవాబు ఒక్కటీ రాసి పంపితే కుదరదు, అది ఎలా వచ్చిందో చూపించాలి. బాగున్న పరిష్కారాన్ని పంపినవాళ్ల పేరుతోనే అచ్చేసేవారు, బాగా చేసినవాళ్ల ఫొటోలు కూడా వేసేవారు. పల్లెటూరి స్కూలు పిల్లాడికైనా, బుడాపెస్ట్‌లో డబ్బున్న ఇంటి పిల్లాడికైనా అవే లెక్కలు, అదే గడువు. తర్వాత పెద్ద గణితవేత్తలైన పాల్ ఎర్డోష్, పాల్ టురాన్ ఒకరి ముఖం ఒకరు చూడకముందే ఈ పత్రికలో పేర్లు చూసి ఒకరినొకరు ఎరుగుదురు. ఆ ఎర్డోషే తర్వాత దాదాపు 1,500 పరిశోధన పత్రాలు రాశాడు. సొంత ఇల్లంటూ లేకుండా దేశాలు తిరిగాడు. మద్రాసులో ఉపన్యాసాలిచ్చి, వచ్చిన డబ్బు రామానుజన్ భార్య జానకమ్మ గారికి ఇచ్చేసి వెళ్లాడు. ఆవిడను ఆయన ఎన్నడూ చూసింది కూడా లేదు.

ఇక రూబిక్ క్యూబ్. మన దగ్గర క్యూబ్ పేరెత్తితే చాలు, స్టాప్‌వాచ్ బయటికొస్తుంది. 1974లో దాన్ని తయారుచేసిన ఎర్నో రూబిక్, తను కలిపేసిన రంగుల్ని మళ్లీ సరిచేయడానికి సుమారు నెల రోజులు కిందా మీదా పడ్డాడు. తన చేతుల్తో తను చేసిన వస్తువే! ఆయన్ని ఇవాళ మన స్పీడ్ క్లాసులో కూర్చోబెడితే "డల్" అని రాసి ఇంటికి పంపేస్తారు.

జార్జ్ పోల్యా అనే గణితవేత్త సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం. హంగేరీలో ఎట్వోష్ పోటీ అని స్కూలు ముగించిన పిల్లలకు పెట్టే పేరున్న పరీక్ష ఉండేది, అదీ 1894లో మొదలైందే. అందులో ఇచ్చేది మూడే లెక్కలు. పోల్యా ఆ పరీక్షకు కూర్చున్నాడు, కానీ పేపరు ఇవ్వకుండానే లేచి వచ్చేశాడు. కాలేజీలో మొదట లా చేరాడు, నచ్చలేదు. భాషలు, సాహిత్యం చదివాడు. ఫిలాసఫీ మీదుగా తిరిగి తిరిగి లెక్కలకొచ్చాడు. లెక్కను ఎలా పట్టుకోవాలో ప్రపంచానికంతా నేర్పిన పుస్తకం 1945లో ఆయన రాసిందే. అందులో మొదటి మెట్టు చేయడం కాదు, ఏం ఇచ్చారు, ఏం అడిగారు అన్నది అర్థం చేసుకోవడం. ఈ తల్లి చెప్పిన పావుగంట చూపు నాకైతే ఆ మెట్టులాగే కనిపించింది.

మరి హంగేరీ గణిత మేధావి జాన్ వాన్ న్యూమన్ మెరుపులా లెక్కించేవాడు కదా అంటారు. నిజమే, కాదనను. కానీ ఆయన చదివిన స్కూల్లోనే ఒక క్లాసు పైన యూజీన్ విగ్నర్ ఉండేవాడు. న్యూమన్ పక్కన తన బుర్ర ఎంత నిదానమో తనే చెప్పుకునేవాడు. 1963లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది ఆ నిదానపు మనిషికి. ఇద్దరికీ లెక్కలు చెప్పిన మాస్టారు లాస్లో రాట్స్. కొమాల్‌ను 1896 నుంచి 1914 దాకా నడిపిందీ ఆయనే. ప్రిన్స్‌టన్‌లో విగ్నర్ తన గదిలో పెట్టుకున్నది ఈ స్కూలు మాస్టారి ఫొటో.

ఈ విషయంలో నేనూ తక్కువ తినలేదు. మొదటి రెండు మూడేళ్లు బోర్డు పక్కన స్టాప్‌వాచ్ తగిలించి పాఠం చెప్పినవాణ్ణే. ఇరవై లెక్కల పేపరులో ఎప్పుడూ ఎనిమిది దాటని ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న అడిగితే "లెక్కలు తన లైన్ కాదండీ" అనేశాను. రెండు వారాల తర్వాత ఆ పిల్ల ఒక నోట్‌బుక్ తెచ్చింది. చదరంగం బల్లకు ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండు మూలల గళ్లు తీసేస్తే, మిగిలిన అరవై రెండు గళ్లను రెండేసి గళ్ల బిళ్లలతో కప్పగలమా అని ఎప్పుడో క్లాసు చివర సరదాకి అడిగి నేను మర్చిపోయాను. పదకొండు రోజులు దాన్ని పట్టుకుని కూర్చుందట. పన్నెండు పేజీల నిండా కొట్టివేతలే. చివరి పేజీలో మూడే వాక్యాలు. తీసేసిన రెండు గళ్లూ ఒకే రంగువి, ప్రతి బిళ్లా ఒక నల్లగడినీ ఒక తెల్లగడినీ కప్పుతుంది, కాబట్టి కుదరదు. వాళ్ల నాన్నకు ఫోన్ చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది, సిగ్గుతో.

అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో కూడా రోజుకు మూడు లెక్కలు, నాలుగున్నర గంటల సమయం. నిమిషానికి ఎన్ని చేస్తావని అక్కడ ఎవరూ అడగరు.

అపోహ: పదేళ్లలోపు తేలిపోవాలి

హంగేరీ గణితవేత్త ఎండ్రే సెమెరేడి మొదట మెడిసిన్‌లో చేరి మానేశాడు. ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ తర్వాతే లెక్కల వైపు వచ్చాడు. 2012లో, లెక్కల్లో నోబెల్ లాంటిదనే ఏబెల్ ప్రైజ్ వచ్చింది. చాలనుకుంటా.

అపోహ: అది వాళ్ల రక్తంలోనే ఉంది

ఈ హంగేరీ సైంటిస్టులంతా అంగారక గ్రహం నుంచి దిగి, పట్టుబడకుండా హంగేరియన్లమని చెప్పుకుంటున్నారని అమెరికాలో ఒక జోకు. వాళ్లలో ఒకడైన ఫిజిక్స్ సైంటిస్టు లియో సిలార్డే వేశాడంటారు. జోకును సైన్సు అనుకుంటే ఎలా? రక్తమే కారణమైతే అంతమంది ఒకే తరంలో, అందులోనూ ఎక్కువగా ఒకే నగరంలో ఎందుకు పుడతారు? మంచి స్కూళ్లు, రాట్స్ లాంటి మాస్టార్లు, చదువు తప్ప వేరే దారి కనపడని యూదు కుటుంబాలు, ఇవన్నీ ఒకచోట కుదిరాయి.

అపోహ: దేశం వాళ్లను నెత్తిన పెట్టుకుంది

తరిమింది. 1920లో యూనివర్సిటీ సీట్లలో యూదుల వాటాకు పరిమితి పెడుతూ చట్టం తెచ్చారు. సిలార్డ్, ఎడ్వర్డ్ టెల్లర్ లాంటి సైంటిస్టులు జర్మనీ వెళ్లారు, హిట్లర్ వచ్చాక అక్కడి నుంచీ పోవాల్సి వచ్చింది. సొంత దేశంలో ఉండగానే నోబెల్ అందుకున్న ఆల్బర్ట్ సెంట్ జార్జి కథ వేరు. సెగెడ్ అనే ఊళ్లో ఒక రాత్రి భార్య పెట్టిన మిరపకాయ తినబుద్ధి కాక ల్యాబ్‌కు పట్టుకెళ్తే, దాన్నిండా విటమిన్ సి కనిపించిందని తనే చెప్పుకున్నాడు. 1937లో ప్రైజ్ వచ్చింది. పదేళ్లకు ఆయనా దేశం వదిలాడు. కరోనా టీకాల వెనక ఉన్న పరిశోధన చేసిన కటలిన్ కరికో 1985లో కారు అమ్మిన డబ్బును కూతురి టెడ్డీబేర్‌లో కుట్టుకుని అమెరికా వెళ్లింది. 2023లో నోబెల్ వచ్చినప్పుడు టీవీల వాళ్లకు ఆ బొమ్మ గుర్తొచ్చింది.

అపోహ: వాళ్ల తల్లిదండ్రులకు మనలా ఉద్యోగాల బెంగ లేదు

విగ్నర్ వాళ్ల నాన్న తోళ్ల ఫ్యాక్టరీ చూసుకునేవాడు. ఫిజిక్స్ చదువుతానంటే, హంగేరీలో ఆ ఉద్యోగాలెన్ని అని అడిగాడు. కొడుకు కాస్త పెంచి "నాలుగు" అన్నాడు. కెమికల్ ఇంజినీరింగ్‌లో చేర్పించారు. న్యూమన్ నాన్నదీ అదే బెంగ, అదే కెమికల్ ఇంజినీరింగ్. 1926లో జ్యూరిక్ నుంచి ఆ డిగ్రీ, అదే ఏడాది బుడాపెస్ట్ నుంచి లెక్కల్లో డాక్టరేట్. మన ఇళ్లకు దగ్గర మనుషులే.

ఇదంతా ఆ తల్లికి చెప్పేసరికి టీ చల్లారిపోయింది. పిల్లాడికి చదరంగం బల్ల లెక్క ఇచ్చి, వచ్చే నెల రమ్మన్నాను. వాడు అప్పుడే వేలితో టేబుల్ మీద గళ్లు గీస్తున్నాడు. ఆవిడ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, ఆ స్పీడ్ కోర్సుకు మొదటి వాయిదా నిన్న రాత్రే కట్టేశామని చెప్పారు.