గొడవ చల్లారాలంటే వార్త ఆపేయాలా? మా పని మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎక్కడైనా గొడవ మొదలైందంటే చాలు, న్యూస్ డెస్క్‌కు వచ్చే ఫోన్లలో ఒకే మాట మళ్లీ మళ్లీ వింటాను. "ఇప్పుడు దీన్ని రాయకండి సార్, రాస్తే ఇంకా రగులుకుంటుంది." అధికారులు అంటారు, పార్టీల వాళ్లు అంటారు, నిజంగా శాంతి కోరుకునే మామూలు మనుషులూ అంటారు. ఆ చివరివాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా మా వృత్తి మీద ఉన్న అపోహలన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే.

అపోహ: వార్త ఆపితే గొడవ ఆగుతుంది.

వాస్తవం: ఆగేది ఆరా తీసి నిర్ధారించుకున్న సమాచారం ఒక్కటే. పుకారు ఎవరి పర్మిషనూ అడగదు. కెన్యాలో ఎన్నికల ఫలితం మీద గొడవలు రేగగానే, 2007 డిసెంబరు 30న ప్రభుత్వం లైవ్ ప్రసారాలను నిషేధించింది. జనం చేతిలో మిగిలినవి ఫోన్లు, వాటిలో తిరిగే ఎస్సెమ్మెస్‌లు. ఆ అల్లర్లలో 1,100 మందికి పైగా చనిపోయారు. అదంతా నిషేధం వల్లేనని అనను. భూమి తగాదాలు ఉన్నాయి, నాయకుల పాత్ర ఉంది, కొన్ని స్థానిక భాషల రేడియోలు విద్వేషం నూరిపోశాయి కూడా. కానీ నోరు నొక్కడం వల్ల శాంతి రాలేదన్నది మాత్రం స్పష్టం. 2013 ఎన్నికలకు అక్కడి మీడియా అతి జాగ్రత్తకు పోయింది. ఓట్ల లెక్కలు పంపే ఎలక్ట్రానిక్ వ్యవస్థ మొరాయించినా గట్టిగా నిలదీయలేదని విమర్శలు మూటగట్టుకుంది. ప్రశ్న అడగకపోతే అనుమానం ఎక్కడికీ పోదు, లోపలే ఉండిపోతుంది.

మన దగ్గరి సంగతి చూడండి. 2013లో ముజఫర్‌నగర్ అల్లర్లప్పుడు ఒక హత్య వీడియో తిరిగింది. అది 2010లో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఇద్దరు అన్నదమ్ములను కొట్టి చంపినప్పటి వీడియో! ఇక్కడ జరిగిందేనని నమ్మి జనం ఆవేశపడ్డారు. ఇలాంటప్పుడు "ఇది ఇక్కడిది కాదు, ఇప్పటిది కాదు" అని ఎవరో ఒకరు వెంటనే, గట్టిగా చెప్పాలి. పేపర్, టీవీ మౌనంగా ఉంటే ఆ మాట చెప్పేదెవరు?

ఒక రాత్రి సంగతి నేను మరిచిపోలేను. ఒక చోట రాళ్లు రువ్వుకున్నారు. డజన్ల మంది చనిపోయారని గంటలోపే ప్రచారం మొదలైంది. అక్కడి హాస్టల్లో కొడుకు ఉన్న ఒకావిడ ఫోన్ చేసి, మాట పెగలక ఏడుస్తూ ఉండిపోయింది. మా రిపోర్టర్ ఆస్పత్రికి వెళ్లి డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడాడు, పోలీసుల లెక్కతో సరిచూశాడు. ఎవరూ చనిపోలేదు. గాయపడినవాళ్లు ఏ ఆస్పత్రిలో ఉన్నారో, ఏ రోడ్లు మూసేశారో, ఏవి తెరిచే ఉన్నాయో పేరుపేరునా ఇచ్చాం. తెలియని విషయాలను "ఇంకా నిర్ధారణ కాలేదు" అనే రాశాం. కాసేపటికి ఫోన్లలో ప్రశ్న మారిపోయింది. "ఎంతమంది పోయారు" అని అడిగినవాళ్లే "రేపు బస్సులు తిరుగుతాయా" అని అడగసాగారు. టెన్షన్‌లో ఉన్న మనిషికి నీతులు చెప్పి లాభం లేదు, తనవాళ్లు క్షేమమో కాదో చెప్పాలి.

అపోహ: ఇరుపక్షాలకూ చెరి సగం చోటిస్తే న్యాయం చేసినట్టే.

వాస్తవం: ఒకాయన ఇల్లు తగలబడింది అంటాడు, ఇంకొకాయన తగలబడలేదు అంటాడు. ఇద్దరి మాటలూ పక్కపక్కన వేసి చేతులు దులుపుకుంటే ఎలా? వెళ్లి చూసి రాయాలి.

అపోహ: శాంతి జర్నలిజం అంటే మెత్తగా రాయడం.

వాస్తవం: కాదు. నార్వేకు చెందిన శాంతి పరిశోధకుడు యోహాన్ గాల్టుంగ్ ముందుకు తెచ్చిన ఆలోచన ఇది. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న ధోరణి వదిలి, తగాదాకు మూలమేంటి, నష్టపోయినవాళ్లెవరు, బయటపడే దారులేంటి అని వెతకమంటుంది. తప్పు చేసినవాడి పేరు దాచమని ఎక్కడా చెప్పదు.

అపోహ: మీడియా తలుచుకుంటే గొడవలు ఆపేయగలదు.

వాస్తవం: అంత శక్తి మాకు లేదు. ఆపాల్సింది పోలీసులు, నాయకులు, కోర్టులు. రగిలించే శక్తి మాత్రం ఉంది. 1994లో రువాండాలో ఆర్టీఎల్ఎం రేడియో టుట్సీ తెగవాళ్లను బొద్దింకలంటూ చంపమని ఎగదోసింది. ఆ రేడియో వ్యవస్థాపకుల్లో ఇద్దరినీ, అలాంటి రాతలే రాసిన ఒక పత్రిక ఎడిటర్‌నూ ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్ 2003లో దోషులుగా తేల్చింది. పక్కనే ఉన్న బురుండిలో 1995లో స్టూడియో ఇజాంబో అనే రేడియో స్టూడియో మొదలైంది. అక్కడ హుటూ, టుట్సీ తెగల విలేకరులు కలిసి వార్తలు సేకరించారు. ఒక్కరే వెళ్తే ఒక పక్షమే నోరు విప్పుతుంది, ఇద్దరూ వెళ్తే రెండు వైపులా వినొచ్చు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

ఇక మీరు డెస్క్‌కు ఫోన్ చేసేటప్పుడు ఒక్క సాయం చేయండి. కళ్లారా చూశారా, ఎవరైనా చెబితే విన్నారా అన్నది మొదటే చెప్పండి. వీడియో ఉంటే తీసినవాళ్ల దగ్గరి నుంచి అసలు ఫైల్‌ను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపించండి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే ఎప్పుడు తీశారన్న వివరం పోతుంది, దాన్ని తేల్చుకునేసరికి మాకు గంటలు పడుతుంది.