ఆ ‘బై’ రేటింగుకు డబ్బులిచ్చేదెవరు?

బ్రోకింగ్ యాప్‌లో ఏదైనా పెద్ద కంపెనీ షేరు తెరిచి కిందికి వెళ్తే, కంపెనీలను పరిశీలించి షేరు కొనాలో అమ్మాలో చెప్పే అనలిస్టులు ఏమంటున్నారో చూపే రంగుల పట్టీ ఒకటి కనిపిస్తుంది. చాలాసార్లు అందులో ఎక్కువ భాగం పచ్చరంగే, అంటే ‘బై’ (కొనండి). తర్వాత కొంచెం ‘హోల్డ్’ (ఉంచుకోండి). ‘సెల్’ (అమ్మేయండి) అనే ఎర్రగీత ఉందా లేదా అన్నట్టుంటుంది. కంపెనీలన్నీ అంత బ్రహ్మాండంగా ఉన్నాయా అంటే, లేవు. ఆ రేటింగు వెనకున్న రిసెర్చ్ రిపోర్టు మన చేతికి ఊరికే వస్తోంది, రాసినవాళ్లకు జీతం మాత్రం ఎవరో ఇస్తున్నారు. ఎర్రగీత ఎందుకంత సన్నగా ఉందో తెలియాలంటే ఆ ఇచ్చే చెయ్యి ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

1792 మే 17న న్యూయార్క్‌లో 24 మంది బ్రోకర్లు ఒక ఒప్పందం రాసుకున్నారు. పావు శాతం కన్నా తక్కువ కమీషన్‌కు ఎవరూ షేర్ల లావాదేవీ చేయకూడదన్నది అందులో ఒక షరతు. కమీషన్ అందరికీ ఒకటే అన్న ఆ కట్టుబాటు రూపాలు మార్చుకుంటూ 1975 దాకా నడిచింది. రేటు తగ్గించి ఖాతాదారుణ్ణి లాక్కునే వీలు లేదు కాబట్టి బ్రోకర్లు సేవలతో పోటీపడ్డారు. రిసెర్చ్ రిపోర్టు అలాంటి సేవే. సరుకులు కొన్నవాళ్లకు కిరాణా కొట్టు ఇచ్చే క్యాలెండర్ లాంటిది, కాకపోతే బాగా ఖరీదైన క్యాలెండర్.

1975 మే 1న అమెరికాలో ఈ స్థిర కమీషన్లు రద్దయ్యాయి. పెద్ద ఫండ్లు బేరమాడాయి, కమీషన్లు పడిపోయాయి. ఇక రిసెర్చ్ విభాగం ఖర్చు మోసేదెవరు? చాలా సంస్థల్లో జవాబు అదే భవనంలో దొరికింది. కంపెనీల పబ్లిక్ ఇష్యూలు, విలీనాలు చేసిపెట్టి ఫీజు తీసుకునే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ విభాగం ముందుకొచ్చింది. తిరకాసు అక్కడే ఉంది. ఆ విభాగానికి ఫీజు ఇచ్చే కంపెనీలకే పై అంతస్తులో అనలిస్టు రేటింగు ఇవ్వాలి. రేపు ఇష్యూ పని అప్పగించబోయే కంపెనీ షేరును ఇవాళ అమ్మేయమని రాస్తే, ఆ పని పక్క సంస్థకు పోతుంది.

ఇంటర్నెట్ కంపెనీల షేర్లు ఎగబాకిన డాట్‌కామ్ రోజుల్లో ఇది ముదిరింది. 1998 డిసెంబర్‌లో హెన్రీ బ్లాడ్జెట్ అనే అనలిస్టు, 240 డాలర్ల దగ్గరున్న అమెజాన్ షేరు 400కు చేరుతుందన్నాడు. నెల తిరక్కుండానే చేరింది. పెద్ద బ్రోకింగ్ సంస్థ మెరిల్ లించ్ అతన్ని పిలిచి ఉద్యోగమిచ్చింది. 2002 ఏప్రిల్‌లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ ఆ సంస్థ ఈమెయిళ్లు బయటపెట్టాడు. బయటికి పొగిడిన షేర్లను లోపల చెత్త అని రాసుకున్నారు. 1 నుంచి 5 వరకు అంకెలున్న వాళ్ల రేటింగు పద్ధతిలో, తగ్గించుకోండి, అమ్మేయండి అని అర్థమొచ్చే 4, 5 అంకెలను ఇంటర్నెట్ షేర్లకు ఇవ్వనే లేదు. మరుసటి నెలలోనే మెరిల్ 10 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇంకో కథ మన నగరాల్లోని తల్లిదండ్రులకు బాగా అర్థమవుతుంది. సాలమన్ స్మిత్ బార్నీ అనలిస్టు జాక్ గ్రబ్‌మన్ 1999లో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ రేటింగు పెంచాడు. దాన్ని మరోసారి చూడమని అడిగింది మాతృసంస్థ సిటీగ్రూప్ పెద్ద శాండీ వైల్. ఆయన ఏటీ అండ్ టీ బోర్డులోనూ ఉన్నాడు. అదే సమయంలో గ్రబ్‌మన్ తన కవల పిల్లలకు పేరున్న నర్సరీలో సీటు కోసం ఆయన సాయం కోరాడు. ఆ నర్సరీ నడిపే సంస్థకు సిటీగ్రూప్ నుంచి 10 లక్షల డాలర్ల విరాళం హామీ వెళ్లింది. సీట్లు దొరికాయి.

2003 ఏప్రిల్ 28న పది పెద్ద సంస్థలు సుమారు 140 కోట్ల డాలర్లకు నియంత్రణ సంస్థలతో రాజీపడ్డాయి. బ్లాడ్జెట్, గ్రబ్‌మన్‌లు షేర్ల రంగంలో పనిచేయకుండా జీవితకాల నిషేధం పడింది. బ్యాంకింగ్‌కూ రిసెర్చ్‌కూ మధ్య గోడ కట్టారు.

గోడ కట్టినా పచ్చరంగు పెద్దగా తగ్గలేదు. అమ్మేయమని రాసిన అనలిస్టుకు కంపెనీ యాజమాన్యం దగ్గర మునుపటి మర్యాద దక్కకపోవచ్చు. ఆ షేరు ఇప్పటికే పట్టుకుని కూర్చున్న ఫండ్ మేనేజర్‌కూ ఆ మాట రుచించదు. అంత టెన్షన్ ఎందుకని, నచ్చని కంపెనీ గురించి రాయడమే మానేసే దారి ఒకటుంది. అప్పుడు పట్టీలో ఆ గొంతు అసలు కనిపించదు.

సత్యం కంప్యూటర్స్ కథ వేరు. హైదరాబాద్‌లో ఆ దెబ్బ తిన్నవాళ్లు ఇప్పటికీ అనలిస్టులను తిడతారు, కానీ అక్కడ తప్పింది మరో చోట. ఖాతాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం రాసేదాకా, అనలిస్టులు లెక్కలు కట్టింది ఆడిటర్లు సంతకం పెట్టిన అంకెల మీదే. కంపెనీ బ్యాంకు పాస్‌బుక్ తిరగేయడం వాళ్ల పని కాదు. ఆ ఒక్కరోజే షేరు 179 రూపాయల నుంచి 40 దగ్గరికి పడింది.

మన దేశంలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రిసెర్చ్ అనలిస్టుల నిబంధనలు 2014లో వచ్చాయి. రిపోర్టు వెలువడే ముందు 30 రోజులు, తర్వాత 5 రోజులు అనలిస్టు ఆ షేరులో లావాదేవీ చేయకూడదు. ఆ కంపెనీలో వాటా ఉందా, దాని నుంచి గత ఏడాదిలో ఫీజు ఏమైనా తీసుకున్నారా అన్నదీ చెప్పాలి. ఇవన్నీ చివరి పేజీల్లో చీమల అక్షరాల్లో ఉంటాయి. నేను రిపోర్టు చదవడం అక్కడి నుంచే మొదలుపెడతాను.

తర్వాత చూసేది తేదీ. కంపెనీ లాభనష్టాల ఫలితాలకు ముందు రాసిన ‘బై’ ఫలితాల తర్వాత కూడా యాప్‌లో అలాగే వేలాడుతుంటుంది. రేటింగు కన్నా అది మారిన తీరు ఎక్కువ చెబుతుంది. ‘బై’ కాస్తా ‘హోల్డ్’ అయితే, సెల్ అనడానికి మొహమాటపడ్డారేమోనని నేను అనుమానిస్తాను. టార్గెట్ ధర, అంటే షేరు చేరుతుందని అనలిస్టు వేసే అంచనా, పెంచినప్పుడు లాభాల అంచనా కూడా పెంచారా, లేక షేరు పెరిగింది కదా అని టార్గెట్‌ను దాని వెనక పరుగెత్తించారా అన్నది లెక్కల పట్టికలో తెలిసిపోతుంది. రేటింగో టార్గెట్టో ఏడాదికి పైగా ఇస్తున్న షేరైతే, రోజువారీ ముగింపు ధరల గ్రాఫ్ కూడా రిపోర్టులో వేయాలన్నది సెబీ నిబంధన. దాని పక్కన పాత రిపోర్టులు పెట్టి చూస్తే, ఆ అనలిస్టు ఏ ధర దగ్గర కొనమన్నాడో, తర్వాత ఏం జరిగిందో తెలుస్తుంది.