విత్తనాలు వేస్తే మొక్కలు మరీ ఎక్కువ మొలిచాయా? అపోహలు - వాస్తవాలు

అపోహ: మొలిచిన ప్రతిదాన్నీ బతికించాలి, తీసేస్తే పాపం.

వాస్తవం: నర్సరీ పని తెలిసినవాళ్లెవరూ అలా అనుకోరు. కవరుకు రెండు మూడు గింజలు వేసేదే అన్నీ మొలవవని, తీరా అన్నీ మొలిస్తే ఒక్కటే ఉంచాలి. లేదంటే వెలుతురు కోసం పోటీపడి అన్నీ సన్నగా సాగిపోతాయి, గాలి ఆడక నారుకుళ్ళు (లేత మొక్క మొదలు కుళ్ళి పడిపోయే తెగులు) కూడా పట్టుకుంటుంది. పీకితే పక్కదాని వేర్లు కదులుతాయి, కత్తెరతో మట్టి మట్టానికి కత్తిరించేయండి. చాలామంది పొడుగ్గా ఉన్నదాన్ని ఉంచుకుంటారు, నేనైతే మొదలు లావుగా, కణుపులు దగ్గరగా ఉన్నదాన్ని ఉంచుతాను.

అపోహ: స్థలం దొరికేదాకా కవర్లోనే ఉంచొచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. వేప, చింత లాంటివి పైకి జానెడు ఎదగకముందే తల్లివేరును లోతుకు దించేస్తాయి, అది కవరు అడుగు తగలగానే వంగి చుట్టలు తిరగడం మొదలుపెడుతుంది. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు. నేలలో నాటినా ఆ చుట్ట దానంతటది విడిపోదు, ఏళ్ల తర్వాత చెట్టు పెద్ద గాలికి ఒరిగిపోతే తవ్వి చూడండి, కారణం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. కవరు రంధ్రంలోంచి వేరు తొంగిచూసిందంటే ఇక ఆగొద్దు: నాటండి, లోతైన కవర్లోకి మార్చండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి. ఈ మూడూ కుదరకపోతే కంపోస్టులో వేసేయడమే.

అపోహ: తియ్యటి మామిడి టెంక పెడితే అదే పండు కాస్తుంది.

వాస్తవం: ఒక టెంక నుంచి ఒకే మొలక వచ్చే రకాల్లో పిల్ల మొక్క తల్లిలా ఉంటుందన్న భరోసా లేదు. ఒకే టెంక నుంచి ఎక్కువ మొలకలు వచ్చే రకాల్లో మాత్రం చాలావరకు తల్లి పోలికే. అలాగని మొదటివి వృథా కాదు, కాండం పెన్సిలంత లావు అయ్యాక అంటు కట్టేవాళ్లకు వేరుమూలంగా, అంటే మంచి రకం కొమ్మను అతికించే కింది మొక్కగా పనికొస్తాయి, ముందు వాళ్లనే అడగండి.

అపోహ: మిగిలినవి ఏ అడవిలోనో నాటేస్తే మంచిదేగా.

వాస్తవం: అన్నీ కాదు. సుబాబుల్ లాంటిది వదిలారంటే అక్కడున్న మొక్కల్ని అణిచేసి గుబురుగా అల్లుకుపోతుంది. సహజంగా గడ్డి పెరిగే నేలలో చెట్లు నింపడమూ మేలు కాదు. పైగా కవరు మట్టితో పాటు వేర్లను పట్టే నులిపురుగులు, తెగుళ్లు కూడా వెళ్లొచ్చు.

ఇతరులకు ఇచ్చేటప్పుడు మొక్క పేరు, విత్తనం వేసిన నెల, పెద్దయ్యాక ఎంత విస్తరిస్తుందో కవరు మీద రాసి ఇవ్వండి, లేకపోతే మర్రి మొక్కను తీసుకెళ్లి గోడ పక్కన పెట్టేవాళ్లూ ఉంటారు.