వాసన పోతే పురుగుమందు పోయినట్టేనా? కడుపులో బిడ్డ మెదడు: అపోహలు - వాస్తవాలు

మాది నల్గొండ జిల్లా, చండూరు దగ్గర పల్లె. హార్మోన్ల పనిని చెడగొట్టే రసాయనాలు కడుపులో బిడ్డ మెదడును ఏం చేస్తాయో చూడడమే ల్యాబ్‌లో నా పని. ఊరికి పోయినప్పుడల్లా ఆడవాళ్లు అడిగే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "కళ్లు తిరగలేదు, వాంతి కాలేదు. అంటే పురుగుమందు ఏం చేయలేదు."

అది పెద్దవాళ్ల ఒంటి లెక్క. బిడ్డ లెక్క వేరు. మొదటి మూడు నెలలు బిడ్డకు గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి సొంతంగా పని చేయదు, తల్లి రక్తంలో నుంచి వచ్చే థైరాయిడ్ హార్మోనే దిక్కు. మెదడు కణాలు ఎప్పుడు పుట్టాలో, ఎటు పోవాలో, దేనితో జత కలవాలో చెప్పేది అదే. లీటరు రక్తంలో విడిగా తిరిగే ఆ హార్మోన్ (థైరాక్సిన్) ఎంతో తెలుసా? ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే, అందులో పది పదిహేను భాగాలు. ఇంత కొంచెంతో నడిచే పనిని చెడగొట్టడానికి డబ్బాలకొద్దీ మందు అక్కర్లేదు.

కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో వ్యవసాయ కుటుంబాల తల్లులను, పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. గర్భంతో ఉన్నప్పుడు మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందుల ఆనవాళ్లు బాగా ఎక్కువున్న తల్లుల పిల్లలకు, బాగా తక్కువున్న వాళ్ల పిల్లల కంటే ఏడేళ్ల వయసులో ఐక్యూ (తెలివితేటల కొలత) సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చిందని 2011లో ప్రచురించారు. మన దగ్గర కొట్టే క్లోరిపైరిఫాస్ ఆ జాతిదే. ఈ మందులు హార్మోన్ల దారిలోనే కాదు, నేరుగా నరాల మీద కూడా పని చేస్తాయి.

అపోహ: "వాసన పోయేదాకా ఉతికాను, ఇంకేం ఉంటది?"

ఈ మాట నాతో అన్నది మా తమ్ముడి భార్యే. అప్పుడు తనకు ఐదో నెల. వాడు పత్తికి మందు కొట్టి వచ్చి విప్పేసిన చొక్కాను బకెట్లో నానబెట్టి, ఉత్త చేతులతో నలుపుతోంది. చొక్కా వీపున, పంపు ఆనే చోట తెల్లటి చార. "వాసన పోయింది వదినా" అని, అదే బకెట్లో పెద్దపిల్ల గౌన్లు వేసింది. నాకు గుండె ఆగినంత పనైంది. ముక్కుకు తెలియనంత తక్కువైనా బట్టలో మందు మిగిలే ఉంటుంది. మందు కొట్టినవాళ్లు చేను దగ్గరే స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి, ఆ బట్టలు గ్లౌజులు వేసుకుని విడిగా వాళ్లే ఉతుక్కోవాలి. గర్భిణి చేతికి అసలు ఇవ్వొద్దు. ఖాళీ మందు డబ్బాలో ఉప్పూ పప్పూ పోయడం ఇంకా చూస్తున్నాను, దయచేసి మానండి.

అపోహ: "బోరు నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుంది."

పోదు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మా జిల్లాలోని మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వంకర తిరిగిన కాళ్లు చూసి ఇది ఎముకల జబ్బు మాత్రమే అనుకున్నాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం కనిపిస్తోందని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో చెప్పింది. నల్లాలో సర్కారు మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే తాగడానికే కాదు, వంటకూ అవే వాడండి.

"బీపీఏ ఫ్రీ" డబ్బా కొన్నాం, ఇక భయం లేదు అంటారు. బీపీఏ అంటే ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం, ఒంట్లో హార్మోన్‌లా నటిస్తుంది. దాని బదులు చాలాచోట్ల వాడే బీపీఎస్ కూడా అలా నటించేదే. వేడివేడి కూర, చాయ్ స్టీలు గిన్నెలో పోసుకోండి, చాలు.

ఇంకొకటి. బిడ్డకు చదువు రాకపోతే "కడుపుతో ఉన్నప్పుడు నువ్వే జాగ్రత్తగా లేవు" అని కోడలిని అనడం. చేనులో మందు, బోరులో ఫ్లోరైడ్ ఆమె తెచ్చినవి కావు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం ఆగదు.

చివరిగా ఉప్పు సంగతి. దొడ్డుప్పు, సైంధవ లవణం మంచివని కొందరు అయోడిన్ ఉప్పు మానేస్తున్నారు. థైరాయిడ్ హార్మోన్ తయారయ్యేదే అయోడిన్‌తో. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలి, అది తగ్గితే ఈ రసాయనాల దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. అయోడిన్ ఉప్పే కొని, మూత గట్టిగా పెట్టి, కూర దించే ముందు వేయండి. నెల తప్పిందని తెలిసిన వారంలోనే టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ సరిగా పని చేస్తోందా అని చూసే రక్తపరీక్ష) చేయించండి.